తిప్పని చుట్టు

జనగామ
జూన్ నెల

రక్షితకు,

ఈ కాలంలో నన్ను పోస్టు డబ్బా దాకా నడిపించావు, అందుకు నిన్ను మెచ్చుకోవాలి. ఫోన్‌లో బ్లాక్ చేశావు. వాట్సాప్‌లోనూ అంతే. శశికళ అత్తకు చేస్తే "చేనుకు పోయింది బిడ్డా" అని పెట్టేస్తుంది. మొగుళ్లపల్లి పోస్ట్‌మ్యాన్‌ను మాత్రం బ్లాక్ చేయలేవు కదా! చింపేస్తావేమో అని మా నాయన అన్నాడు. చింపవు, నాకు తెలుసు. తిట్టడానికైనా చదువుతావు.

నువ్వు ఊరంతా ఏం చెప్పుకుంటున్నావో తెలియదు గాని, జరిగింది ఇది. ఇటలీలో గార్డా సరస్సు, యూరప్ ఛాంపియన్‌షిప్ చివరి రేసు. చుక్కాని నా చేతిలో, తెరచాప తాళ్లు పూజ చేతిలో, ముందు కొసన నువ్వు. హుస్సేన్‌సాగర్ మురికి నీళ్లలో నేర్చుకున్న ముగ్గురు ఆడపిల్లలు, అడుగున సీసం బరువు కట్టిన ఆ కీల్ పడవలో, పుట్టినప్పటి నుంచి పడవల్లోనే పెరిగిన వాళ్లను దాటుతున్నారు. మహిళల కప్పు ఒళ్లో పడబోతోంది. రేసు అయ్యాక హంగరీ వాళ్లు ఎర్రజెండా ఎత్తి ఫిర్యాదు చేశారు, మన పడవ మార్కును తాకిందని. నీళ్లలో తేలే ఆ నారింజ బుడగను ఎవరు తాకితే వాళ్లే, ఎవరూ చెప్పకుండానే, ఒక చుట్టు తిప్పుకొని ముందుకు పోవాలి. తిప్పకపోతే ఆ రేసు పోయినట్టే. ఇదంతా నీకు తెలియదని కాదు, నీ ఉత్తరాలు ఎవరెవరు చదువుతారో నాకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

సాయంత్రం విచారణకు సాక్షిని తెచ్చుకోమన్నారు. నిన్ను తీసుకెళ్లాను. పూజను కాదు, నిన్ను. మేనత్త కూతురివి, ఇంటి మనిషివి అని. బల్ల వెనక కూర్చున్న పెద్దమనుషులు "తాకిందా?" అంటే, నువ్వు నా ముఖం కూడా చూడకుండా "తాకింది, నా భుజానికే తగిలింది" అన్నావు. కప్పు జర్మనీ పిల్లలు పట్టుకుపోయారు.

నిజంగా తాకి ఉంటే అక్కడే, నీళ్ల మీదే చెప్పొద్దా? నేను వెనక ఉన్నాను, తెరచాప అడ్డం, నాకేం కనిపిస్తుంది? చెప్పి ఉంటే ఒక్క చుట్టు తిప్పేదాన్ని. ఒకటి రెండు పడవలు దాటినా కప్పు మనదే అయ్యేది. నీళ్ల మీద నోరు మూసుకున్నదానివి గదిలో ఎందుకు తెరిచావు? చుక్కాని నీకు కావాలి, అంతే కదా. అడిగితే ఇచ్చేదాన్ని కాదులే, కాని అడిగి చూడాల్సింది.

ఇంకో మాట. హైదరాబాద్‌లో మన పడవల క్లబ్బులో కోచ్ పనికి దరఖాస్తు పెట్టుకున్నావట. అసూయతో సొంత పడవ మీద అబద్ధపు సాక్ష్యం చెప్పిందని మా నాయన సెక్రటరీతో చెప్పాడు. సెక్రటరీ నన్ను అడిగాడు. సెప్టెంబర్‌లో సెలక్షన్ రేసులు అయ్యే లోపు నా మాట చెప్పమన్నాడు. నేను ఏం చెబుతానో నువ్వే ఊహించుకో.

ప్రసూన

మొగుళ్లపల్లి
జూన్ నెలాఖరు

మహారాజరాజశ్రీ వదిన గారికి,

చింపలే. నువ్వు చెప్పినట్టే చదివిన. నీకు కోపం వస్తే బడి పుస్తకం భాష వస్తదని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. "అన్నావు, తెరిచావు" అని రాసినవ్ చూడు, అప్పుడే అర్థమైంది నువ్వేదో దాస్తున్నవని.

సాక్షి సంగతి ఎత్తినవు గద, సకినాల సంగతి ఎందుకు రాయలే? అవ్వ కాల్చి ఇచ్చిన సకినాల డబ్బా పోటీలన్ని రోజులు తాళం ఏసి దాచినవ్. పూజ ఒక్కటి అడిగితే "ఇంటికి పోయేటప్పుడు" అన్నవ్. ఆ సాయంత్రం విచారణ గదికి పోయే ముందు డబ్బా మొత్తం తెచ్చి నా ఒళ్లె పెట్టినవ్, "తిను రక్షితా, అలిసిపోయినవ్" అని. సోమేశ్వర్ మామ బిడ్డవు అనిపించినవ్. మామ పంచాయితీ ఉన్నప్పుడల్లా ముందు రోజు సాక్షిని ఇంటికి పిలిచి కోడికూర తోని అన్నం పెడతడు. తిన్నోడు తెల్లారి మామ మాటే మాట్లాడుతడు. జనగామల గట్ల నడుస్తది. నేను నీ సకినాలు తిన్న, బాగున్నయి, కాని వాటికి నాలుక ఇయ్యలే.

ఇగ అసలు ముచ్చట. నీళ్ల మీద నోరు మూసుకున్ననా నేను? బుడగ భుజానికి రాసుకపోంగనే అరిచిన. పూజ నీకూ నాకూ నడుమ కూసున్నది, దానికి వినపడకుంట ఉంటదా? గాలి ఉండె, అలలు ఉండె, నీకు వినపడలేదంటే సరే అని ఇన్ని దినాలు ఊకున్న. నేను అరవనే లేదని రాస్తవా? సిగ్గుండాలె.

నువ్వు రాసిన ఉత్తరం మా అమ్మ చదివింది. చదివి పొద్దంత ఏడ్చింది. మామ ఫోన్ చేసి "నీ బిడ్డ మా పరువు తీసింది, ఇగ మా గడప తొక్కొద్దు" అన్నడట. తోడబుట్టిన అన్న. పత్తి గింజలు పెట్టే కాలం, నేను చేనుల పొద్దంత వంగి పని చేస్తున్న, మా అమ్మ గట్టు మీద కూసొని కండ్లు తుడుచుకుంటది. నాకు మీ గడప అక్కర లేదు. ఆ కోచ్ పని కావాలె. నీళ్ల మీద తప్ప నాకు యాడ ఊపిరి ఆడదు, గది నీకు తెలుసు, తెలిసే అక్కడ పట్టినవు. నేను అబద్ధమాడిన్నని నీ నోటితోని చెప్తవా? చెప్పు. చెప్పి ఆ పడవల ఎట్ల కూసుంటవో చూస్త.

నీ మరదలు, ఇప్పటికైతే
రక్షిత

జనగామ
జూలై నెల

రక్షితకు,

భాష గురించి పాఠం చెప్పినందుకు సంతోషం. ఇక పని మాట్లాడుకుందాం.

పూజ వారం కింద ఇంటికి వచ్చింది. నువ్వు అరిచావా అని మా నాయన ముందే అడిగాను. "నాకేం వినపడలేదు అక్కా" అంది. స్పష్టంగా అంది. కురవి పక్క తండా నుంచి గురుకులంలో చేరి, అక్కడి నుంచి క్లబ్బుకు వచ్చిన పిల్ల, దానికి నీ మీద ఏం పగ? కాబట్టి నువ్వు అరిచానన్నది నీ ఒక్కదాని మాటే.

నిన్ను నాశనం చేయాలని నాకు లేదు. మా నాయన ఒక దారి చూశాడు. ఆగస్టులో తొర్రూరులో ఆయన స్నేహితుడి ఇంట్లో కూర్చుందాం అన్నాడు. అటు మీవాళ్లు, ఇటు మావాళ్లు, క్లబ్బు తరఫున కూడా ఒకరు వస్తారు. నువ్వు వచ్చి "ఆ గడబిడలో పొరపడ్డాను" అని ఒక్క మాట అను. అబద్ధం చెప్పానని ఎవరూ నిన్ను అనమనడం లేదు. పొరపడ్డాను అంటే చాలు. అత్తకు అన్న దొరుకుతాడు, నీకు పని దొరుకుతుంది, సెలక్షన్‌లో నా పేరు మీద మరక పోతుంది. పోయిన కప్పు ఎలాగూ తిరిగి రాదు.

రాకపోతే నీ ఇష్టం. క్లబ్బు నన్ను అడిగిన ప్రశ్నకు నేను జవాబు ఇవ్వాలి, ఇస్తాను. మొండితనంతో చేను దున్నుకుంటూ కూర్చోవాలనుకుంటే ఎవరేం చేస్తారు?

సకినాల గురించి నువ్వు రాసింది నీచంగా ఉంది. ఆకలేస్తుందని పెట్టాను.

ప్రసూన

మొగుళ్లపల్లి
ఆగస్టు మొదలు

వదినా,

రాను.

ఎందుకు రానో చెప్త, తర్వాత భయపడి రాలేదని మామ చెప్పుకుంట తిరుగుతడు కాబట్టి. తాకిందా అని అడిగిన్రు, తాకింది అన్న. ఇప్పుడు తొర్రూరుల కూసొని పొరపడ్డ అంటే ఆ బుడగ వెనకకు జరుగుతదా? ఇటలీల ఆ పెద్దమనుషులు నాకు మంచినీళ్లు గూడ ఇయ్యలే, గుర్తుందా? అప్పుడు "గింత మర్యాద తెల్వదు వీళ్లకు" అని నువ్వే అన్నవు. నాకు గా తీరే నచ్చింది. ఏం తినకుంట, ఏం తాగకుంట, చూసింది చెప్పి బయటికి వచ్చిన. మామ పంచాయితీల ఎన్నడన్న అట్ల లేచి వచ్చిన మనిషిని చూసినవా నువ్వు?

పూజ వినపడలేదన్నదని రాసినవు. అది చెప్పే ముందు మీ ఇంట్ల అన్నం తిన్నదా లేదా? గది రాయలే. నేనే కురవికి పోయిన దాని దగ్గరికి. జాతర లేదు, ఏం లేదు, గుడి ముందట ఖాళీ జాగల కూసున్నం. అడిగిన. పూజ నా ముఖం చూడలే. చేతి గాజులు తిప్పుకుంట కూసున్నది. "అక్కా, నువ్వంటే మామ ఇల్లు కాకపోతే అమ్మ ఇల్లు, నీకు చేను ఉంది. నాకు ఆ పడవల జాగ పోతే తండకు వాపస్ పోవుడే. ప్రసూనక్కకు ఎట్ల ఎదురు చెప్పాలె?" అన్నది. దాని మీద నాకు కోపం రాలే. నీ మీద వచ్చింది. నాకు వినపడలేదన్న మాట దానితోని అనిపిచ్చినవ్ చూడు, అందుకు.

ఇంకోటి చెప్త విను. పడవల ముందు కూసునే మనిషి ఎందుకుంటది? వెనకున్నదానికి కనపడనిది చూసి చెప్పేటందుకు. నువ్వు విననంటే నీకు ముందు మనిషి ఎందుకు, ఓ గోనెసంచిల ఇసుక నింపి కూసోబెట్టుకో. బరువుకు బరువు ఉంటది, నోరు గూడ లేవదు.

తొర్రూరుకు మా నాయినను గూడ పంపను. మీరు మీరే కూసోన్రి.

రక్షిత

తొర్రూరు
ఆగస్టు

ఏమే,

బస్టాండు పక్క హోటల్ల కూసొని రాస్తున్న. నాయిన కారు ఎక్కమన్నడు, ఎక్కలే. నీకు ఇప్పుడే రాయాలె, ఇంటికి పోతే నాకు మంచితనం వస్తదేమో.

మీ ఇంటి నుంచి ఒక్క పురుగు రాలే. నాయిన పిలిచిన మనుషులు కూసున్నరు, చాయ తాగిన్రు, మల్ల చాయ తాగిన్రు. క్లబ్బు నుంచి వచ్చినాయన ఫోన్ చూసుకుంట కూసున్నడు. ఆఖరికి నాయిన స్నేహితుడు నవ్వుకుంట "సోమన్నా, నీ మాటకు మీ చెల్లె ఇంట్లనే విలువ లేదాయె" అన్నడు. నాయిన ముఖం చూడాలె నువ్వు. అందరి పంచాయితీలు తెంపే మనిషి, సొంత మేనకోడలు తోని ఓడిపోయి, తల కిందికేసుకొని లేచిండు. నీ పుణ్యమే.

నీకు ఏం తెలుసు చుక్కాని పట్టుకునుడంటే? గోనెసంచి అని రాస్తవా? ముందు కూసొని ఒర్లుడు ఎవనికైన వస్తది. నీది ఎప్పటికీ అంతే, ఈగ వాలినా చావు కేకనే. "వదినా తాకింది, తిప్పు తిప్పు" అని గొంతు చించుకొని అరిస్తే అక్కడ ఎట్ల తిప్పుతరే? ఎడమ దిక్కు హంగరీ పడవ, వెనక రెండు పడవలు మీద మీదికి వస్తున్నయి, జర్మనీ పిల్లలు సందు కోసమే చూస్తున్నరు. చుట్టు తిప్పితే వాళ్లు ముందటికి పోతుండె. కప్పు పోతుండె! హుస్సేన్‌సాగర్ల దోమలు కుట్టిచ్చుకుంట నేర్చుకున్న పదేండ్ల కష్టం పోతుండె. ఎవ్వరు చూడలేదనుకున్న ఒక్క రాపిడికి గదంత ఇడిసిపెట్టాల్నా? నువ్వైతే పెడుదువు. నువ్వు ధర్మరాజు బిడ్డవు గద.

నాకు ఆకలైతున్నది, ఇక్కడ ఇడ్లీ చల్లగున్నది, నీ మొఖం లెక్కనే ఉన్నది. పోస్టు చేసే పోత ఇది.

ప్రసూన

మొగుళ్లపల్లి
ఆగస్టు

వదినా,

తొర్రూరు ఉత్తరం అందింది.

"తిప్పు తిప్పు" అని అరిచిన్నని నేను ఎన్నడు ఎవ్వలకు చెప్పలే. ఇటలీల చెప్పలే, అమ్మకు చెప్పలే, నీకు రాసిన ఏ ఉత్తరంల గూడ రాయలే. అరిచిన అని మాత్రమే రాసిన. ఏమని అరిచిన్నో నాకు తెలుసు, విన్నదానికి తెలుసు.

అంటే నువ్వు విన్నవ్.

ఇన్ని నెలలు నేనే పరేషాన్ అయిన, గాలి జోరుకు నిజంగనే వినపడలేదేమో, వదిన మీద ఉత్తగ కోపం పెట్టుకున్ననేమో అని. అంతెందుకు, నిన్న గూడ అనుకున్న. ఇప్పుడు నాకు నీ మీద కోపం గూడ వస్తలేదు. అసహ్యం అయితున్నది.

నీ తొర్రూరు కాయితం క్లబ్బుకు పంపితే నా పని అయిపోతది. మామకు పంపితే ఇంకా మంచిగైతది. అమ్మ గదే అన్నది. నేను మాత్రం పొయ్యిల పెట్టిన, దాని మీదనే చాయ కాగబెట్టుకున్న. ఇగ నా దగ్గర ఏం రుజువు లేదు, నువ్వు నిమ్మళంగ నిద్రపో. నీ కోపంల జారిన మాట తీసుకపోయి నిన్నే పట్టిచ్చుడు నాకు చేతకాదు. తాకినోళ్లే తిప్పాలె. గది ఆట. ఇంకొకలు వచ్చి నీ చెయ్యి పట్టి తిప్పితే దాన్ని చుట్టు అనరు.

నాకు జవాబు రాయకు.

రక్షిత

కురవి
సెప్టెంబర్ నెలాఖరు

వదినా,

రాయకు అంటే నిజంగనే రాయకపోతివి. నేనే రాయవలసి వచ్చింది.

పూజ దగ్గరికి వచ్చిన. మొన్న హుస్సేన్‌సాగర్ల జరిగిందంత చెప్పింది. దాన్ని తిట్టకు, నేనే గుంజి గుంజి అడిగిన. సెలక్షన్ ఆఖరి రేసుల నువ్వు ముందటున్నవట. ఒడ్డు మీద మామ, ఆయన తోని కారు నిండ మనుషులు, దండలు, మిఠాయి డబ్బాలు. ఆఖరి మార్కు తిరిగేటప్పుడు పడవ వెనక కొస బుడగకు అంటిందట. ముందున్న కొత్తపిల్లకు తెల్వదు. పూజకు తెల్వదు. పక్కన ఇంకో పడవ లేదు. నువ్వొక్కదానివే చుక్కాని కాడ ఉండి చూసినవ్.

తిప్పినవట. పూర చుట్టు. ఒడ్డు మీదున్నోళ్లకు ఏం సమజ్ కాలేదట, మామ "ఏమైందిరా దీనికి, దయ్యం పట్టిందా" అని అరిచిండట. రెండు పడవలు నిన్ను దాటిపోయినయి. వచ్చే ఏడు యూరప్‌కు నీ పడవ పోదు. పూజను ఇంకో పడవల తీసుకున్నరు, గది గూడ నువ్వే అడిగి చేయిచ్చినవట.

సెక్రటరీ ఒడ్డు మీద అడిగిండట, ఎందుకు తిప్పినవమ్మా, ఎవ్వరు జెండా ఎత్తలేదు గద అని. "తాకింది" అన్నవట. అని ఊకోలేదట. "ఇటలీల గూడ తాకింది. రక్షిత అరిచింది, నేను విన్న" అన్నవట, మామ వింటుండంగనే. మామ దండలు అక్కడనే పారేసి కారు తీసుకొని పోయిండు. నువ్వు పూజ తోని బస్సుల వచ్చి జనగామల దిగినవట.

క్లబ్బు నుంచి నిన్న ఫోన్ వచ్చింది. పని నాకే. వచ్చే నెల నుంచి.

ఇదంత విని నేను ఏడుస్తననుకున్నవా? ఏడవలే. నాకు ఇంకా కోపమే ఉన్నది. సెక్రటరీకి చెప్పినవ్, మామకు ఇనిపిచ్చినవ్, ఆ బుడగకు గూడ చుట్టు తిరిగి దండం పెట్టినవ్. నాకు ఒక్క ముక్క రాయనీకి చెయ్యి రాలే. ఎవరి మీద అబద్ధమాడినవో ఆ మనిషికి తప్ప ఊరందరికి చెప్పినవ్. మాఫ్ చేసిన అనుకోకు.

మామ నిన్ను ఇంట్లకు రానిస్తున్నడా?

రక్షిత

జనగామ
బతుకమ్మ మొదలైన దినం

రక్షితా,

రానిస్తున్నడు. మాట్లాడుతలేడు. అవ్వ నడుమ కూసొని "అన్నం తినమను, నీళ్లు తాగమను" అని ఇద్దరికి మాటలు మోస్తున్నది. మొన్న ఒకలు పంచాయితీ ఉందని వస్తే నాయిన "నా ఇంట్లనే సాక్షులు తిరగబడ్డరు, మీది నేనేం తెంపుత" అని పంపిచ్చేసిండు. కోడి బతికిపోయింది.

నాకు నీ మీద కోపం పోలేదు, గది ముందే చెప్తున్న. ఆ ఎర్రజెండా గదిల నువ్వు నా దిక్కు ఒక్కసారన్న చూడాల్సి ఉండె. చూసి అయినా అదే చెప్పు, నేనేం అనకపోదును. గోడను చూసుకుంట చెప్పినవ్. గది నేను మరువ.

నీ కోసం తిప్పిన అనుకోకు. మార్కు కాడికి రాంగనే చెవుల నీ గొంతే వినపడ్డది, "తిప్పు తిప్పు" అని, పిచ్చి పట్టిన కుక్క తీరు. నువ్వు మొగుళ్లపల్లి పత్తి చేనుల ఉన్నవ్, నా చెవుల ఎందుకు ఒర్లుతున్నవో నాకేం తెలుసు? నోరు మూయిద్దామని తిప్పిన. తిప్పంగనే బందయింది. ఇన్ని నెలల నుంచి మొదటిసారి బందయింది.

రక్షితా, నేను విన్న. ఆ దినం మొదటి అరుపుకే విన్న. ఇదిగో నీకు రాసిన. ఈ కాయితం పొయ్యిల పెట్టకు, చాయకు కట్టెలు దొరుకుతయి.

ఇగ నువ్వు క్లబ్బుల ఉంటవ్ గద. ఆదివారాలు నేను ఉత్తగనే పడవ తీస్త, నాకు పడవ పోయింది గని చెయ్యి పోలే. ముందు జాగ ఖాళీగుంది. కూసుంటవా అని అడుగుతలేను. ఇంకో పడవల కూసొని నా మీద ఎర్రజెండా ఎత్తినా సంతోషమే. కాకపోతే ఒడ్డుకు వచ్చి తిట్టు, పోస్టుల తిట్లు చల్లారిపోయి వస్తున్నయి.

వచ్చేటప్పుడు నీ బువ్వ నువ్వే కట్టుకొచ్చుకో. అవ్వ మల్ల సకినాలు కాలుస్తున్నది, డబ్బా నిండ ఉంటయి. నీకు మాత్రం ఒక్కటి గూడ పెట్టను.

ప్రసూన